రెండు వందల గీతలు

నీలం గొట్టం నా చంకలో నిద్రపోతుంది.
బయట మైనస్ ముప్పై రెండు.
చలికి లోపలి మందు ముడుచుకుంటుందని,
నొక్కితే సగమే వస్తుందని
నర్సు త్సెండ్మా చెప్పిన నాటి నుంచి
దేల్ కోటు లోపల, చొక్కాకి కూడా లోపల
ఒంటికి ఆనించి మోస్తున్నాను,
గుడ్డు పొదిగినట్టు.

అనుజిన్‌కి తొమ్మిదేళ్లు.
బడికి దిగే దారిలో నా ముందు నడుస్తుంది,
ముక్కుకి అడ్డంగా ఉన్ని మఫ్లరు,
దాని మీద తన ఊపిరే గడ్డకట్టిన తెల్లటి అంచు.
చింగెల్తేయ్ కొండ మీద
ప్రతి గుడారానికీ ఒక పొగగొట్టం.
ప్రతి పొగగొట్టం కిందా
చలికి వణుకుతున్నవాళ్లే.
ఎవరిని తిట్టను?
తిట్టాలంటే ముందు నన్ను.

బడి కింద బాయిలర్ గదిలో
బొగ్గు వేసేది నేనే.
నా పార వేడికి
మూడో అంతస్తు కిటికీ మీద మంచు కరుగుతుంది.
కరిగినంత మేర తుడుచుకుని
నా కూతురు బయటకు చూస్తుంది.
బయట కనిపించేది నా పొగ.

మొదటిసారి దాని ఛాతీలో పిల్లికూతలు లేచిన రాత్రి
నిజంగానే పిల్లి దూరిందనుకున్నాను.
దీపం పట్టుకుని పొయ్యి వెనకంతా వెతికాను.

త్సెండ్మా రెండు గొట్టాలు చేతిలో పెట్టింది.
"నీలంది పిలిస్తే వస్తుంది.
గోధుమరంగుది పిలవకపోయినా రోజూ రావాలి.
పీల్చాక నోరు పుక్కిలించమను."
నాకు ఆ రెండోది నచ్చలేదు.
ఆయాసం లేని రోజున మందెందుకు?
రెండు వారాలు పెట్టె అడుగున దాచాను.
పొదుపు అనుకున్నాను.
మూడో వారం, అంబులెన్సు కొండ ఎక్కలేక
కిందే ఆగిపోతే
పిల్లని భుజాన వేసుకుని మంచులో పరుగెత్తాను.
దాని పెదాలు నేరేడు పళ్లు తిన్నట్టు ఉన్నాయి.
ఆ పొదుపు సంగతి ఎవరికీ చెప్పలేదు,
వాళ్లమ్మకి కూడా.

గొట్టం మీద లెక్క చూపించే అంకె లేదు.
ఊపి చూస్తే తెలియదు,
నీళ్లలో వేసి తేల్చినా తెలియదు,
రాసుకోవడం ఒక్కటే దారి అంది త్సెండ్మా.
మా ఇంట్లో కాగితం కన్నా బొగ్గు ఎక్కువ.
గుడారం పైకప్పు వాసం మీద
ఒక్కో నొక్కుకి ఒక్కో గీత.
రెండు వందలకి కొత్తది కొనాలి.
మొదటి వాసం నిండింది, రెండోది నిండింది,
మూడోది సగంలో ఉంది.
ఒక్కసారి ఊపిరి ఆడడానికి ఒక గీత.
పార గీతలు మాత్రం
నేనెప్పుడూ గీయలేదు.

మొన్న, బడి విడిచే వేళ,
బూడిద తొట్టి ఎత్తబోయి నిలబడిపోయాను.
గాలి ఉంది. నాలోకి రావడం లేదు.
ఇరవై రెండేళ్ల బొగ్గు
తలుపు అవతల గడియ పెట్టుకుని కూర్చున్నట్టుంది.
మెట్ల మీద అనుజిన్ బూట్ల చప్పుడు.
నా చొక్కాలో చెయ్యి దూర్చి గొట్టం తీసింది,
తన సంచిలోంచి సీసా తీసింది:
అడుగున కాల్చిన తీగతో
నేనే చిల్లు పెట్టిన నీళ్ల సీసా.

"ముందు వదులు నాన్నా.
ఉన్నదంతా వదులు.
వదలకపోతే మందుకి చోటెక్కడ?"

వదిలాను.
ఇన్నేళ్లలో నాకెవరూ ఆ మాట చెప్పలేదు.
పీల్చాను. బిగబట్టాను.
నా ముక్కు ముందు వేళ్లు పెట్టి
పది లెక్కపెట్టింది,
ఏడు దగ్గర కాస్త ఆలస్యం చేసింది,
టీచరులా.

తేరుకున్నాక గొట్టం లాక్కుంది.
"ఇది నాది. నీ మందు నువ్వు తెచ్చుకో.
రేపు త్సెండ్మా దగ్గరికి నేనూ వస్తా.
నువ్వొక్కడివే వెళ్తే వెళ్లినట్టు చెప్పి రావు."
దొంగ దొరికినట్టు నవ్వాను.
నవ్వు దగ్గులోకి జారింది.

రాత్రి అది స్టూలెక్కి
వాసం మీద గీతలు గీస్తుంటే చూస్తూ పడుకున్నాను.
తన వాసం మీద కాదు.
తలుపు పక్కన, ఇప్పటిదాకా శుభ్రంగా ఉన్న
కొత్త వాసం మీద
రెండు గీతలు.